అక్షింతలపురుగును గుర్తెరిగి చంపవలెను

చిక్కుడుపాదు చిగురుల నల్లని పేనుబంక కనబడినతోడనే మందుకొరకు సంఘపు కొట్టునకు పరుగెత్తుట మన గ్రామములలో వాడుకయైనది. ఇది మంచి వాడుక కాదని మా యభిప్రాయము. మందునకు అప్పు వ్రాయించుకొనుటకు ముందు ఆ చిగురును ఒక్కమారు త్రిప్పి చూడుడని సభ్యులను కోరుచున్నాము.

పేనుబంక నడుమ నల్లగానో బూడిదవన్నెగానో ఉండి, పసుపు మచ్చలు గలిగి, మొసలిపిల్లవలె ప్రాకు పురుగొకటి తరచుగా కనబడును. రైతు దానిని చూచి మరింత భయపడి నలిపివేయును. నిజమునకది అక్షింతలపురుగు పిల్ల. తల్లియు పిల్లయు దినమునకు పదులకొలది బంకపురుగులను తినును. ఉబ్బి, గోధుమవన్నెకు తిరిగి, కదలక యున్న బంకపురుగులు కనబడినచో, వాని కడుపున సన్నని కందిరీగజాతి పురుగు పెరుగుచున్నదని తెలియవలెను.

అయితే వంగతోటలో అక్షింతలపురుగను పేరుతోనే శత్రువొకటి కలదు. దాని వీపు నునుపుగా మెరయదు, సన్నని నూగుతో నుండును, చుక్కలును పెక్కు. పిల్ల పసుపుపచ్చనిది, ఒడలెల్ల ముండ్లు. ఆకుపచ్చదనమును గీకితిని ఈనెల వలను మిగుల్చును. దీనిని ఏరి చంపవలసినదే. పేరొకటే యగుటచే ఎందరో మిత్రుని చంపుచున్నారు.

కొన్ని యేండ్ల క్రిందట మేమే యొక సభ్యుని పందిరికి తొందరపడి మందు కొట్టించితిమి. మూడునాళ్లు పాదు శుభ్రముగా నుండెను. పక్షము తిరుగకమునుపే పేనుబంక మునుపటికంటె హెచ్చుగా వచ్చెను, అక్షింతలపురుగు రాలేదు. ఆడు బంకపురుగు మగదానితో పనిలేకయే పిల్లలను కనును. వేడిదినములలో ఆ పిల్లలును సుమారు వారమునకే కనసాగును. అక్షింతలపురుగు గ్రుడ్డునుండి పెద్దదగుటకు రెండు మూడు వారములు పట్టును. తప్పు మాది, రెండవమారు మందుసొమ్ము మాత్రము ఆ సభ్యుని ఖాతాలో పడినది.

ఇది తోటమాటయే కాదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయి పిండినల్లి కనబడి తోటలను పాడుచేసెను. మైనపుపొర కాచుచుండుటచే మందులు దానిని అణచలేకపోయినవి. 2010లో పోర్టోరికోనుండి ఎసిరోఫేగస్ పపాయే అను చిన్న పురుగును తెప్పించి విడిచిరి. అది పిండినల్లి శరీరమునందే గ్రుడ్డుపెట్టును. అటుపిమ్మట ఆ తెగులు చాలవరకు అణగినది.

కావున కూరగాయతోటలకు మందు అప్పిచ్చునపుడు ఒక చిగురును కోసి తెమ్మని సంఘమువారు అడుగుట మేలు. మిత్రపురుగులున్నచో వారము దినములు ఆగవచ్చును. అంతలో నీటిధారతో బంకను కడుగవలెను. తీపిబంకకై దానిని కాచి మిత్రులను తరుము చీమలను పాదు నెక్కనీయరాదు. వంగకాయలోనికి దొలుచుకొనిపోయిన పురుగునకు మాత్రము ఈ యుపాయము చాలదు. వాడిన కొమ్మలను, పుచ్చుకాయలను త్రుంచి నాశనము చేయక తప్పదు.

వచ్చు సర్వసభ్యసమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చెదము. చిక్కుడు చిగురును, వంగాకును తెచ్చిన సభ్యులకు రెండు పురుగుల భేదమును అచ్చటనే చూపుదుము.