ఉఫ్ అనరాదు

తల్లిదండ్రులను గౌరవింపుమని చెప్పని మతము లోకమున లేదు. ఇందు వాదమునకు తావేది యని చదువరులు మమ్మడుగవచ్చును. తావున్నది గనుకనే కలము పట్టితిమి.

మా పట్టణమున జరిగిన యొక సభలో ఇస్లాము మతమునందలి మాతాపితృభక్తిని గూర్చి యొక పెద్దమనిషి గంటసేపు ప్రసంగించెను. ఆ ప్రసంగసారమంతయు నొక్కటే మాట: బిడ్డలు తల్లిదండ్రుల యాజ్ఞ జవదాటరాదు, చదువు, ఉద్యోగము, పెండ్లి, సమస్తమును వారి చిత్తానుసారముగనే జరుగవలయును, ఇది దైవశాసనము. సభవారు కరతాళధ్వనులు చేసిరి. మా ప్రక్క గూర్చున్న సంస్కృతపండితుడొకరు "మన ధర్మమునే వారును చెప్పుచున్నారు" అని సంతసించిరి. మేము మాత్రము చేతులు కట్టుకొని యూరకుంటిమి. ఆయన చెప్పినంత నిరవధికమైన యాజ్ఞ ఖురానులో లేదు. ఖురానులో నున్నదానిని ఆయన చెప్పలేదు.

మేము ముసల్మానులము కాము, అరబ్బీ రాదు. మా వృత్తి సంస్కృతము, ఇంగ్లీషు బోధించుట. ఇంగ్లీషు అనువాదములను, చిలుకూరి నారాయణరావుగారి తెలుగు ఖురానును ముందుంచుకొని చదివినవారము. ఒక మతగ్రంథమును గూర్చి నలుగురిలో తప్పు చెప్పబడినపుడు, అది పరాయి మతము గదా యని మిన్నకుండుట మర్యాద యనిపించుకొనదు.

పదునేడవ యధ్యాయమున ఏకేశ్వరారాధనమును విధించిన వెంటనే, ఊపిరి త్రిప్పుకొనకుండ, తల్లిదండ్రుల ప్రసక్తి వచ్చుచున్నది. అచ్చట వాడబడిన పదము "ఇహ్సాన్". దానికి మేలొనర్చుట, ఉత్తమముగ మెలగుట యని యర్థము. విధేయత యని కాదు. పిమ్మట చెప్పబడినది వారి వార్ధకమును గూర్చి. వారిలో నొకరుగాని యిద్దరుగాని ముసలివారై నీ చెంత నుండినచో వారితో "ఉఫ్" అని యనరాదు, కసరరాదు, గౌరవముగ పలుకవలయును. పక్షి తన రెక్కను వాల్చునట్లు దయతో తగ్గియుండవలయును. గమనింపుడు: ఈ శాసనము పెండ్లీడు బిడ్డకు కాదు, ముసలివారిని పోషింపవలసిన ప్రౌఢునకు. బలము చేతులు మారిన దినమున బలవంతుడెట్లు మెలగవలయునో యిది చెప్పుచున్నది. సభలోని పెద్దమనిషి దీనిని తలక్రిందులు చేసి బలవంతుని చేతికే మరియొక కఱ్ఱ నందించెను.

"ఉఫ్" అనునది మాట కూడ కాదు. విసుగుతో వెలువడు నిట్టూర్పు. దీనిపై ముస్లిము ధర్మశాస్త్రజ్ఞులు చేసిన చర్చ మా శాస్త్రమునకు మిక్కిలి దగ్గరది. నిట్టూర్పే నిషిద్ధమైనచో తిట్టుటయు కొట్టుటయు నిషిద్ధములని వేరుగ చెప్పనేల యని వారిలో పెక్కుమంది వాదించిరి. మనవారు దీనినే కైముతికన్యాయ మందురు. పదునొకండవ శతాబ్దమునందలి ఇబ్నె హజము మాత్రము సమ్మతింపలేదు. ఉఫ్ అనరాదన్న మాట ఉఫ్‌నే నిషేధించును. కొట్టుట నిషిద్ధమగుట మేలొనర్పుమన్న మొదటి విధివలననే యని యాతని వాదము. ఎవరి పక్షము గెలిచినను ముసలివానికి నష్టము లేదు గాని, ఒక నిట్టూర్పును గూర్చి యింత సూక్ష్మముగ తర్కించిన జాతి వారసులు పూటకు పదిమారులు ఉఫ్ అనుచుండుట వింత కాదా?

మేమును నిర్దోషులము కాము. పరీక్షాపత్రములు దిద్దుచుండగా మా తల్లి, చెవులు వినబడని యామె, "నాయనా, దీపము పెట్టిరా?" యని మూడుమారు లడిగెను. మూడవమారు మా నోట వెలువడినది సరిగ్గా నా శబ్దమే. ఆమెకు వినబడలేదు, మా ముఖము కనబడినది. ఆ రాత్రి మరేమియు నడుగలేదు.

ఇక విధేయత మాట. ధర్మ్యములగు విషయములలో తల్లిదండ్రుల మాట వినవలయునని ఉలమాలు చెప్పుట మేమెరుగుదుము. కాని దానికి హద్దు గలదు. ఆ హద్దును గీచినది ఖురానే. ముప్పదియొకటవ యధ్యాయమున, తల్లి బలహీనతపై బలహీనతతో బిడ్డను మోసి రెండేండ్లు పాలిచ్చిన సంగతి చెప్పి, అటుపై, దైవమునకు సాటి కల్పింపుమని తల్లిదండ్రులు ఒత్తిడి చేసినచో వినవలదని, అయినను ఈ లోకమున వారితో మంచిగనే మెలగుమని చెప్పబడినది. విధేయతకు అవధి యున్నది, దయకు లేదు. అబూబక్రు కుమార్తె అస్మా, అన్యమతస్థురాలైన తన తల్లి చూడవచ్చినపుడు ఆదరింపవచ్చునా యని యడుగగా, ఆదరింపుమనియే ప్రవక్త చెప్పెను. ఇస్లాము బిడ్డను అన్యమతస్థులగు తల్లిదండ్రులనుండి వేరుచేయు నని నిందించు మావారికిది సమాధానము. పెండ్లి మాటకువచ్చిన, ఖన్సా యను స్త్రీకి తండ్రి యామె యిష్టము లేక వివాహము చేయగా, ప్రవక్త దానిని రద్దు చేసెనని బుఖారీ సంకలనమున నున్నది. పెద్దమనిషి యీ కథను వినియుండడా?

తల్లికి మూడుపాళ్లు, పిదప తండ్రికి అను ప్రవక్త వచనము ప్రతి ఉపన్యాసమునను వినబడును. తల్లికి ఆరవపాలు అను మాట వినబడదు. బిడ్డలుగల కొడుకు మరణించినచో వాని యాస్తిలో తల్లికి ఆరవవంతు చెందునని నాల్గవ యధ్యాయమున స్పష్టముగ నున్నది. అట్టి తల్లిచేత, "నీకేల యమ్మా లెక్కలు?" అని కాగితముపై వ్రేలిముద్ర వేయించు కొడుకులను చూచియున్నాము. ఆ కాగితము తెచ్చువారే తల్లి పాదములక్రింద స్వర్గమున్నదని గోడలకు పటములు తగిలింతురు. కలిమిగల బిడ్డలు పేదలగు తల్లిదండ్రులను, వారే మతమువారైనను, పోషించి తీరవలయునని హనఫీ ధర్మశాస్త్రము నిర్ణయించినది. 1791లోనే హిదాయా గ్రంథము ఇంగ్లీషులో అచ్చుపడినది. ఇన్ని శాసనములుండగా 2007లో మన ప్రభుత్వము, అన్ని మతములవారికిని గలిపి, తల్లిదండ్రుల పోషణమునకై ప్రత్యేక న్యాయస్థానములనేర్పరచు చట్టము చేయవలసివచ్చెను. అచ్చట నెలకు పదివేల రూపాయలకు మించకుండ భృతి యిప్పింతురట. ఆ మెట్లెక్కు ముసలివారిలో మా మతమువారు లేరని మేమనము.

గల్ఫు దేశములలో చెమటోడ్చి డబ్బు పంపుచు రాలేకపోవు కూలివానిని మేము నిందింపము. మా వాదము ఒకే వీధిలోనుండి రానివానితో. ఏడ్చుచున్న తల్లిదండ్రులను విడిచి ప్రవక్తను చేరవచ్చిన యొకనిని ఆయన చేర్చుకొనక, ఏడిపించినవారిని నవ్వింపుమని వెనుకకు పంపెను. వచ్చు శుక్రవారమున పెద్దమనిషి యుపన్యసించునెడల, ఈ కథను, దానితోడనే ఆరవపాలును చెప్పుమని కోరుచున్నాము. చప్పట్లకు మేము వత్తుము.