వట్టి మనిషి కాదు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా అక్క కూతురు ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో మా యింటికి వచ్చింది. చేతిలో రక్తపరీక్ష కాగితం.

"పిన్నీ, నాకు 112 వచ్చింది. మా ఆఫీసులో ఒకావిడకి ఇదే వారంలో 900 దాటిందిట!"

మార్కులు తగ్గిన పిల్లలు మా కాలేజీలో అచ్చం ఇలాగే వచ్చి నిలబడతారు.

నేను చెప్పుకునేది తెలుగు పాఠం. ఈ సంగతికి మన భాషలో మాటలకేం కొదవ లేదు. నెల తప్పింది, నీళ్ళోసుకుంది, వట్టి మనిషి కాదు. ఎంత ముద్దయిన మాటలు! వాటిలో ఎక్కడా అంకె లేదు. ఇప్పుడు వేవిళ్ళకంటే ముందు అంకె వస్తున్నది. కనుక ఆ అంకె సంగతేమిటో డాక్టరుగారిని అడిగీ, పుస్తకాలు తిరగేసీ తెలుసుకొన్నాను.

కాగితం మీద హెచ్.సి.జి. అని ఉంటుంది. పిండం గర్భసంచి గోడకు అంటుకొన్నాక, ముందుముందు మావి కాబోయే పొర తయారుచేసే హార్మోను అది. అండాశయానికి అది పంపే కబురు ఒక్కటే: ప్రొజెస్టరాన్ తయారీ ఆపవద్దని. ఆ కబురు అందబట్టే నెల తప్పుతుంది. ముందు రక్తంలో, కాస్త వెనకగా మూత్రంలో కనిపిస్తుంది. అందుకే తొందరపడి నెల తప్పకముందే ఇంట్లో పట్టీతో చూసుకొంటే, ఉన్నా లేదని చెప్పవచ్చు. నెల తప్పి వారం ఆగి, తెల్లవారి మొదటి మూత్రంతో చూస్తే చాలావరకు నమ్మవచ్చు.

ఈ కబురు పట్టుకోవడానికి పూర్వం ఎన్ని తంటాలు పడ్డారనుకొన్నారు? 1927, 28 ప్రాంతాల బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు వైద్యులు స్త్రీ మూత్రాన్ని చిట్టెలుకలకు సూదితో ఎక్కించి, కొన్నాళ్ళకు వాటిని కోసి అండాశయాలు చూసేవారు. తరవాత ఆఫ్రికా కప్ప వంతు. సూది వేసిన మర్నాటికి అది గుడ్లు పెడితే అమ్మాయి కడుపుతో ఉన్నట్టే. పాపం, ఆ కప్పకు అవును, కాదు అన్న రెండు మాటలే తెలుసు. 112 అని చెప్పి ఎవరినీ ఏడిపించలేదు.

ఇంతకీ ఆ 112 మంచిదా, చెడ్డదా? ఒక్క అంకెను చూసి ఎవరూ చెప్పలేరు. కిందటి ముట్టు మొదలైన రోజునుంచి లెక్కిస్తే, అయిదో వారంలో అది 18 కావచ్చు, 7 వేలు దాటవచ్చు. రెండూ మామూలే. అండం విడుదలయ్యే రోజు అందరికీ ఒకటి కాదు గదా. చూడవలసింది అంకెను కాదు, దాని నడకను. 48 గంటలాగి, అదే లాబొరేటరీలో మళ్ళీ చూపించమన్నారు డాక్టరుగారు.

మంగళవారం 190 వచ్చింది. "రెట్టింపు కాలేదు పిన్నీ" అని మళ్ళీ కన్నీళ్ళు! రెట్టింపు కానక్కరలేదట. మొదటి అంకె 1500 లోపు ఉన్నప్పుడు, రెండు రోజుల్లో సగం పెరిగినా మామూలేనట.

అంతకంటే మందంగా పెరిగితే పిండం గర్భసంచిలో గాక గొట్టంలో నిలిచిందేమోనని అనుమానిస్తారు. అంకె చక్కగా పెరిగినంత మాత్రాన ఆ ప్రమాదం లేదని పూచీ కూడా లేదు. కడుపులో ఒకవైపు పోటు, రక్తం కనపడడం, కళ్ళు తిరిగి పడిపోవడం, భుజం చివర నొప్పి... వీటిలో ఏది వచ్చినా మలిపరీక్ష దాకా కూర్చోకూడదు. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇదంతా ఇంత శ్రద్ధగా ఎందుకు తెలుసుకొన్నానో చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కిందట నాకూ ఇలాంటి కాగితాలు రెండు వచ్చాయి. మొదటిదానికంటే రెండోదానిలో అంకె తక్కువ. ఏడో వారం నిండకుండానే పోయింది. ఇంటిల్లిపాదీ కారణం వెతికారు. మా అత్తగారికి దొరికింది: ముందురోజు నేను నీళ్ళబిందె ఎత్తాను. ఎదురు చెప్పలేదు. నిజమేనేమో అనుకొన్నాను కూడా. తరవాత ఇద్దరు పిల్లలు పుట్టినా ఆ బిందె నా చంక దిగలేదు.

తొలినెలల్లో పోయే గర్భాలలో సుమారు సగం క్రోమోజోముల లెక్క తప్పినందువల్లే పోతాయట. ఆ తప్పు చాలావరకు అండమూ బీజమూ కలిసే నాటికే జరిగిపోయి ఉంటుంది. మెట్లెక్కినా, బొప్పాయి ముక్క తిన్నా, బిందె ఎత్తినా వచ్చేది కాదది.

ఏడో వారంలో స్కానింగుకు అమ్మాయితో నేనూ వెళ్ళాను. తెరమీద గుండె టకటకా కొట్టుకొంటున్నది. "మరి ఈసారి అంకె ఎంతండీ?" అన్నది మా పిల్ల. ఇక ఆ పరీక్షతో పని లేదన్నారు డాక్టరుగారు.

ఇంటికి వచ్చాక అత్తగారు అన్నీ అడిగి చెప్పించుకొన్నారు. ఎనభై దాటినా చెవులు పాము చెవులు. క్రోమోజోముల సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఊరుకొన్నారు.

"అయితే ఆనాడు ఆ బిందె..." అని ఆగిపోయారు.

"బిందెవల్ల కాదత్తయ్యా" అన్నాను.

ఆవిడ మెల్లిగా లేచి, గోడ పట్టుకొని వంటింట్లోకి వెళ్ళి, నాకూ అమ్మాయికీ కాఫీ కలుపుకొని వచ్చారు.