డిప్ కొట్టినా ఆరని లైట్లు

మదనపల్లె టమోటా యార్డు నుంచి చెన్నై కోయంబేడుకు పదకొండేళ్లుగా బొలెరో పికప్ తోలుతున్నాను. వేలం అయ్యి, క్రేట్లు ఎక్కించి, తాడు బిగించి బయల్దేరేసరికి పొద్దు గుంకుతుంది. తెల్లారేలోపు సరుకు దిగాలి. రాత్రి రోడ్డే నా కూడు. కాబట్టి ముందే ఒప్పుకుంటున్నా: నా బండికీ అదనపు ఎల్‌ఈడీ లైట్లు ఉన్నాయి. పీకేసే ఉద్దేశం లేదు.

కంపెనీ ఇచ్చిన హాలోజన్ బల్బు బ్రైటుకు 60 వాట్లు, డిప్పుకు 55. పుంగనూరు దాటాక ఆ పసుపు వెలుగు ఏ మూలకూ చాలదు. వెనక రేడియం స్టిక్కరు ఒక్కటీ లేని చెరకు ట్రాక్టరు, రంగు వెయ్యని స్పీడ్‌బ్రేకరు, తారు వెచ్చగా ఉందని నడిరోడ్డు మీద పడుకున్న బర్రె. మూడేళ్ల కింద మొగిలి ఘాటులో లైట్లు లేకుండా ఆగిపోయిన లారీకి మూరెడు దూరంలో నా బండి ఆగింది. ఆ వారమే లైట్లు వేయించాను.

వేయించిన తీరు చెప్పాలి. ఒక్కోటి 40 వాట్ల లైట్లు రెండు. డిప్పర్‌కే కలపమని అడిగితే కొట్టు కుర్రాడు, "రిలే ఎందుకన్నా, దండగ. స్విచ్చు ఏస్తా. కావాలంటే ఏసుకో, వద్దంటే ఆపుకో" అన్నాడు. స్టీరింగు కింద హెడ్‌లైటు స్విచ్చుకు వచ్చే వైరును గీకి, దానికే జాయింటిచ్చి, నల్లటేపు చుట్టి, డ్యాష్‌బోర్డు అడుగున ఒక ఎర్ర స్విచ్చు బిగించాడు. ఇరవై నిమిషాల పని. 12 వోల్టుల మీద 80 వాట్లంటే ఆరున్నర ఆంపియర్ల పైమాటే. అప్పటికే హెడ్‌లైట్లను మోస్తున్న సన్నవైరు నెత్తిన ఈ బరువూ పెట్టాం. నెల తిరక్కముందే రాణిపేట దగ్గర క్యాబిన్‌లో ప్లాస్టిక్ కాలిన వాసన గుప్పుమంది.

వైరు కాలితే నష్టం నాకు. దానికి వారం ముందు జరిగింది వేరు. పుంగనూరు, పలమనేరు మధ్య, రాత్రి ఏడున్నర. పాలు కేంద్రంలో పోసి, ఖాళీ క్యాన్లతో టీవీఎస్ ఎక్సెల్ మీద ఒక పెద్దాయన ఎదురొస్తున్నాడు. నేను డిప్ కొట్టాను. నిజంగానే కొట్టాను. ఎర్ర స్విచ్చు మాత్రం మరిచిపోయాను. ఆయన బండి మార్జిన్ కంకరలోకి దిగి పక్కకు ఒరిగింది. క్యాన్లు దొర్లుకుంటూ పోయిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ఆపి పరిగెత్తాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకు మించి దెబ్బల్లేవు.

"డిప్ కొట్టినా కదా పెద్దాయనా" అన్నాను, సిగ్గు లేకుండా.

"ఏం కొట్టినావో ఏమోప్పా. కండ్లల్లో కారం కొట్టినట్టు ఉన్నింది. రోడ్డే కనపళ్ళేదు నాకు."

ఆయన మాట అబద్ధం కాదు, నా మాటా అబద్ధం కాదు. ఒక రాత్రిలో ఎదురొచ్చే బండ్లు కొన్ని వందలు. డిప్పర్ మీద వేలు దానంతటదే కదులుతుంది, అలవాటు. ప్రతి బండికీ డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పెట్టి వెతికి ఇంకో స్విచ్చు ఆపేవాణ్ని నేనింతవరకు చూడలేదు. "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని లారీల వెనక రాయిస్తూనే ఉన్నాం. ఆ డిప్పర్‌తో సంబంధమే లేని లైట్లు ముందు గార్డుకు తగిలిస్తూనే ఉన్నాం.

ఆ తర్వాత చిత్తూరులో ఒక ముసలి వైరింగ్ మెకానిక్ దగ్గర మొత్తం విప్పించాను. రిలే అంటే అగ్గిపెట్టెంత డబ్బా, నాలుగు కాళ్లు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు 30కి. 87 నుంచి లైట్లకు. 85 బాడీకి. 86 బ్రైటు బల్బుకు పోయే వైరుకు. బ్రైటు వేస్తే లోపల టిక్కుమంటుంది, లైట్లు వెలుగుతాయి. డిప్ కొడితే టిక్కుమంటుంది, ఆరిపోతాయి. గంటన్నర పని, ఆరొందలు ఎక్కువ ఖర్చు.

ఆయనే ఇంకోటి కూడా చూపించాడు. ఖాళీ బండిని గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి, వెలుగు పడినచోట సుద్దముక్కతో గీత గీశాడు. మర్నాడు టన్నున్నర టమోటా ఎక్కించుకుని యార్డులో గోడ ముందు అంతే దూరంలో నిలిపి కొలిచి చూశాను. వెలుగు జానెడు పైకెక్కింది. వెనక కట్టలు కుంగితే ముక్కు లేస్తుంది మరి. 25 అడుగుల దగ్గర జానెడంటే వంద మీటర్ల దగ్గర దాదాపు పది అడుగులు. ఖాళీ బండికి సరిచేసిన లైటు లోడు మీద చెట్ల కొమ్మల్ని చూపిస్తుంది. లైట్లు ఎప్పుడైనా లోడు బండి మీదే దించి బిగించుకోవాలని అప్పుడు తెలిసింది. హాలోజన్ గూట్లో ఎల్‌ఈడీ బల్బు దూర్చేవాళ్ల సంగతి సరేసరి. ఆ అద్దం ఒక చిన్న ఫిలమెంటు కోసం చేసింది. బల్బు మారితే వెలుగు చెదిరి, డిప్పు కూడా కళ్లలోనే పడుతుంది.

ఇక చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ముందు వెలుగు 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని చెదరగొట్టకూడదు. రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా ముందు స్పాట్‌లైటు, సెర్చ్‌లైటు వాడకూడదు. మాట బాగానే ఉంది. రోడ్డు మీద జరిగేది ఏమిటంటే, అదనపు లైటు కనపడితే చాలు, బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు అన్నీ ఒకటే. రిలే వేయించుకున్న నేనూ, ఎర్ర స్విచ్చు వాడూ ఒకే రసీదు కడతాం. అలాంటప్పుడు ఆరొందలు ఎందుకు పెడతాడు వాడు? ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్ష ముందురోజు లైట్లు విప్పి, కాగితం చేతికొచ్చాక మళ్లీ బిగించుకుంటాడు. నేనూ ఒకసారి ఆ పనే చేశాను.

నేను అడిగేది చిన్న పరీక్ష. రాత్రిపూట, టోల్‌గేటు దగ్గర, ఎట్లాగూ ఆగిన బండికి. "బ్రైటు వెయ్యి. ఇప్పుడు డిప్ కొట్టు." డిప్ కొట్టాక హెడ్‌లైట్లు రెండూ, పార్కింగు లైట్లూ కాక ఇంకేదైనా వెలుగుతుంటే అక్కడే విప్పించండి, జరిమానా గట్టిగా వేయండి. డిప్పుతో ఆరిపోయేవాటికి, కిందికి దించి బిగించినవాటికి నిబంధన మార్చి అనుమతి ఇవ్వండి. దీనికి యంత్రం అక్కర్లేదు, లక్సు మీటరు అక్కర్లేదు. ఒక మనిషి బండి ముందు నిలబడితే చాలు.

మొన్న మంగళవారం రాత్రి మొగిలి ఘాటు దిగుతుంటే కింద నుంచి ఒక పికప్ ఎక్కుతూ వచ్చింది. నావి ఆరాయి. మర్యాదస్తుడు, అతనూ వెంటనే డిప్ కొట్టాడు. హెడ్‌లైట్లు రెండూ తగ్గాయి. గార్డు మీది నాలుగూ అలాగే వెలుగుతున్నాయి. ఎడమవైపు తెల్లగీత వెతుక్కుంటూ, కాలు బ్రేకు మీద పెట్టి, అతను దాటిపోయేదాకా పాకుతూ దిగాను.