అటకెక్కించే ముందు ఆ ప్రింటర్‌ను నాననివ్వండి

జూన్‌లో బడులు తెరిచేసరికి మండపేట లాంటి ఊళ్లలో ప్రింటర్ల అసలు సంగతి బయటపడుతుంది. వేసవి సెలవులంతా తాళం వేసి ఉన్న స్కూలు ఆఫీసులోనో, పని తగ్గిన రైస్‌మిల్లు గుమాస్తా బల్ల మీదో, పిల్లల ప్రాజెక్టుల కోసమని ప్రింటర్ కొన్న ఇంట్లోనో వారాల తరబడి ముట్టుకోని ఇంక్‌జెట్ ప్రింటర్ ఆన్ చేస్తే కాగితం నిండా తెల్ల చారలు వస్తాయి, లేదంటే నలుపు పూర్తిగా మాయమవుతుంది. ‘హెడ్ పోయింది’ అని తీర్పు చెప్పేస్తారు. కొత్త హెడ్ ధర వినగానే యంత్రం అటకెక్కుతుంది. ఇలా మూలపడ్డ వాటిలో చాలావాటికి హెడ్ పోలేదనీ, ఎండిందనీ నా వాదన. ఎండిన హెడ్‌ను కంగారులో మనమే చంపుకుంటున్నాం.

ఈ ప్రింటర్ల ఇంకులో ఎక్కువ భాగం నీరే. అది హెడ్‌లోంచి బయటికొచ్చే రంధ్రాలు తల వెంట్రుక కన్నా సన్నం. నీరు ఆవిరైతే రంగు గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది. నలుపులో పిగ్మెంట్ ఇంకు వాడే మోడళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. అలా కాకుండా ఉండేందుకే పని ముగిశాక హెడ్ ఒక పక్కకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ప్రింటర్ మీది బటన్ నొక్కి ఆపితేనే అది సరిగ్గా కుదురుతుంది. ప్రింటు అవుతుండగా కరెంటు పోయినా, గోడ మీది స్విచ్ కట్టేసినా హెడ్ దారి మధ్యలో మూత లేకుండా ఉండిపోతుంది. గోదావరి గాలిలో ఇంత చెమ్మ ఉండగా ఎండడమేమిటని అనిపించవచ్చు. చెమ్మ ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు. మే నెల ఎండకూ, ఏసీ గది పొడిగాలికీ అది చాలదు.

అప్పుడు అందరూ చేసే పని హెడ్ క్లీనింగ్ నొక్కడం, మళ్లీ మళ్లీ నొక్కడం. ప్రతిసారీ తెరిచి ఉన్న రంధ్రాల్లోంచి మంచి ఇంకే పోయి లోపలి వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లో చేరుతుంది, గట్టిగా మూసుకున్నవి మూసుకునే ఉంటాయి. ప్యాడ్ నిండిందని లెక్క చూపితే ప్రింటర్ మొత్తంగా మొరాయిస్తుంది. దానికి బదులు ముందు రంధ్రాల పనితీరు చూపే నాజిల్ చెక్ కాగితం తీసి చూడాలి. ఒకటి రెండు క్లీనింగ్‌ల తర్వాత మళ్లీ తీస్తే, గీతల్లో తెగిన చోట్లు మారుతున్నాయా? అయితే లోపల గాలి చేరిందన్నమాట, రాత్రంతా వదిలేస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. తెగిన చోటే తెగుతుంటే అది ఎండిన గడ్డ. నూగు రాలని గుడ్డను మడిచి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, హెడ్ కింద ఉంచి ఓ రాత్రి నాననివ్వాలి, అవసరమైతే రెండో రాత్రి కూడా. బోరు నీళ్లు వద్దు, అందులోని లవణాలే మరో అడ్డు. గుండుసూది అసలే వద్దు. సిరంజితో బలంగా నెడితే బాగుపడాల్సిన హెడ్ నిజంగానే పోతుంది.

ఇంత తిప్పలెందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవారున్నారు. కార్ట్రిడ్జ్‌లోనే హెడ్ ఉండే రకానికి ఆ మాట దాదాపు నిజమే, కార్ట్రిడ్జ్ మారిస్తే సరిపోతుంది. హెడ్ యంత్రంలోనే బిగించి ఉండే ట్యాంక్ ప్రింటర్ల సంగతి వేరు, అక్కడ రెండు రాత్రుల ఓపిక వేల రూపాయలు మిగులుస్తుంది. హెడ్ ఎండకుండా వారానికో రంగుల పేజీ తీయడం దండగ అనే వాదన కూడా నిలవదు. ఒక్క గట్టి క్లీనింగ్‌కు పోయే ఇంకుతో అలాంటి పేజీలు ఎన్నో వస్తాయి. నెలకు నాలుగు కాగితాలకు జిరాక్స్ షాపు చాలన్న అభ్యంతరం మాత్రం బలమైనది. అలాంటివాళ్లు ఇంక్‌జెట్ కొనకపోవడమే మంచిదని నేనూ అంటాను. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పరాయి కంప్యూటర్‌కు వాట్సాప్ చేయడం ఇష్టం లేకపోతే నలుపు తెలుపు లేజర్ ఉంది. దాని టోనర్ పొడి, ఎండే ప్రశ్నే లేదు.

ఏ ప్రింటర్ ఎవరికి నప్పుతుందో కొనేముందే చెప్పాల్సింది అమ్మేవాళ్లు. ఇక తయారీదారుల సంగతి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో ప్రింటర్లు, కార్ట్రిడ్జ్‌లు ఉన్నాయి. వాడి పారేసిన వాటి రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. పారేయకుండా చూసే బాధ్యత కూడా వాళ్ల మీద పడాలి. మరమ్మతు వివరాల కోసం కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ప్రతి మోడల్‌కూ విడి హెడ్ ధర, వేస్ట్ ప్యాడ్ మార్చే పద్ధతి, ఎన్ని రోజులు వాడకుండా ఉంచవచ్చనే వివరం అలాంటి చోట తెలుగులో ఉండాలి. పెట్టె మీద కూడా ముద్రించాలి.