బీడు భూములలో ఇంధన పంటలు: సిఫారసుకు ముందు క్షేత్ర పరీక్ష

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మన దేశం 2025లోనే అందుకొన్నది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం మొదట నిర్దేశించిన గడువు 2030. చెరకు, మొక్కజొన్న, బియ్యం వంటి ముడిసరకుల సాగు, సేకరణ వ్యవస్థలు అప్పటికే ఉండటం ఈ విజయానికి ముఖ్య కారణం. కొత్తగా పంటను పెంచవలసిన చోట మన అనుభవం ఇందుకు భిన్నమైనది.

బయోడీజిల్ కొరకు 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ జట్రోఫా సాగును సిఫారసు చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ వర్షాభావ ప్రాంతాలలో జట్రోఫాను, కానుగను ప్రోత్సహించారు. 2017 నాటికి 20 శాతం మిశ్రమమన్నది 2009 విధానం ఆశించిన లక్ష్యం; డీజిల్‌లో అది 1 శాతానికి కూడా చేరలేదు. జట్రోఫా బీడు నేలలో బ్రతికింది. కాని ఎరువు, నీరు లేనిదే గిట్టుబాటయ్యే దిగుబడి ఇవ్వలేదు. కాయలు ఒకేసారి పక్వానికి రాకపోవడంతో కోత కూలి భారమైనది. మెరుగైన రకాలు రూపొందక ముందే మొక్కలు పొలాలకు చేరాయి.

నేడు కంప్రెస్డ్ బయోగ్యాస్ కొరకు నేపియర్ గడ్డి అదే బీడు భూములకు వస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 500 ప్లాంట్లు నెలకొల్పుతామని రిలయన్స్ సంస్థ ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లి వద్ద తొలి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. మెట్ట ప్రాంతానికి పెట్టుబడి రావడం స్వాగతించదగినదే. అయితే నేపియర్ అధిక దిగుబడులు సాధారణంగా నీటి వసతి, నత్రజని ఎరువుల మీద ఆధారపడినవి. తాగునీటికే ఇబ్బంది పడే ప్రాంతంలో వేసవి తడులకు నీరెక్కడిదన్నది మొదటి ప్రశ్న. పచ్చిగడ్డి బరువులో అధిక భాగం నీరే కనుక, ప్లాంటుకు దూరం పెరిగిన కొలది రవాణా ఖర్చు లాభాన్ని హరిస్తుంది. ప్రతి కోతతో నేల నుండి నత్రజని, పొటాష్ తరలిపోతాయి. ప్లాంటులో మిగిలే సేంద్రియ ఎరువు ఆ పొలానికే తిరిగి రాకపోతే నేల మరింత నిస్సారమవుతుంది. బీడుగా పేర్కొన్న భూమి చాలా గ్రామాలలో గొర్రెలకు, మేకలకు మేత భూమి కూడా.

కావున విస్తరణ విభాగం ఈ పంటను సిఫారసు చేయడానికి ముందు మూడు పనులు జరగాలి. వర్షాధార పరిస్థితులలో, వేర్వేరు నేలలలో కనీసం మూడేళ్ళ దిగుబడిని కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు నమోదు చేయాలి. ఒప్పందంలో ధర, ఎరువు వాపసు, ప్లాంటు మూతపడితే చెల్లించవలసిన పరిహారం స్పష్టంగా ఉండాలి. ఇప్పటికే లభ్యమయ్యే వరిగడ్డి, పత్తి కట్టె, పశువుల పేడ వంటి వనరుల సేకరణ ఖర్చును నేపియర్ సాగు ఖర్చుతో పోల్చి చూడాలి.

ప్లాంటు నష్టపోతే సంస్థ మరొక చోటికి వెళ్ళగలదు. రైతుకు ఆ వీలు లేదు. జట్రోఫా విషయంలో ఆలస్యంగా అడిగిన ప్రశ్నలను నేపియర్ విషయంలో నాటక ముందే అడగడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత. స్నాతకోత్తర విద్యార్థులకు ఇవి తక్షణం చేపట్టదగిన పరిశోధనాంశాలు.