పెరటితోటలోని వింతలు

చైత్రవైశాఖములు వసంతఋతువని పంచాంగము చెప్పును. మా పెరటితోట పంచాంగమును చూడదు. మాఘమాసము ముగియకమునుపే, తెల్లవారుజామున దుప్పటి విడుచుటకు మనసొప్పని దినములలోనే, మామిడిచెట్టు తలనిండ పూత పెట్టుకొని నిలుచుండును. వేపచెట్టు ఒక కొమ్మను ఆకు రాల్చుచు, మరియొక కొమ్మను చివురు తొడుగును. ఊడ్చిన పెరడు మరల ఆకులతో నిండుట చూచి మా తల్లిగారు దానిని కోపగించుకొందురు. ఉగాదిపచ్చడికి పువ్వు నిచ్చునది అదియే గదా యని మరల శాంతింతురు.

ఇట్టి స్వల్పవిషయములను గూర్చి పాఠశాలాపత్రికలో వ్రాయనేల యని కొందరు అడుగవచ్చును. మన విద్యార్థులు చదువ నేర్చుచున్నారు గాని చూడ నేర్చుట లేదని నా యభిప్రాయము. ఈ కొరతను తీర్చుటకు పెరటితోటను మించిన గురువు లేడు, జీతమును అడుగడు. ఇందుకు మూడు నిదర్శనములు చెప్పెదను.

మొదటిది కోకిల. "కోయిలమ్మ పాడుచున్నది" యని మన మందరము అందుము. కొమ్మలలోనికి కొంచెము ఓపికతో చూచినచో, "కూ" యని పాడునది నల్లని మగపక్షి యని తెలియును. ఆడుపక్షి గోధుమవన్నెది, దాని మేనినిండ తెల్లని చుక్కలు. దానికి ఆ పాట రాదు. గూడు కట్టుటయు రాదు. కాకి గూటిలో గ్రుడ్లు పెట్టి పోవును. ఒక్క యుదయము తలయెత్తి చూచిన తీరిపోవు పొరపాటును మనము తరతరములుగా మోయుచున్నాము.

రెండవది నిమ్మమొక్క. ఒకనాడు మా చిన్నవాడు పరుగున వచ్చి, "నాయనా, పిట్టరెట్ట నడుచుచున్నది!" యని కేక వేసెను. పోయి చూడగా అది యొక గొంగళిపురుగు. నల్లని మేనిపై తెల్లని మచ్చలతో, అచ్చముగ రెట్టవలెనే యుండెను. శత్రువులు రోసి విడిచిపెట్టుటకు అది ధరించిన వేషమది. పెరిగినపిమ్మట ఆకుపచ్చనై ఆకులలో కలసిపోయెను. ఒక పుల్ల తగులగానే తలవెనుకనుండి ఎర్రని జంటకొమ్ములు చాచి ఘాటైన వాసన విడిచెను. దానిని ఏరి పారవేయుమని మా తల్లిగారనిరి; తాకవలదని నేను పిల్లవానితో చెప్పితిని. కొన్నాళ్లకు అది నడుమునకు సన్నని దారము చుట్టుకొని కొమ్మకు అంటుకొని నిదురించెను. ఒక యుదయమున ఆ గూటినుండి పసుపు నలుపు రెక్కల సీతాకోకచిలుక వెలువడెను. నిమ్మమొక్కకు పోయినవి కొన్ని యాకులు. అవియు మరల చిగిర్చినవి.

మూడవది చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. వంగమొక్కలో ఒక దర్జీపిట్ట తన ముక్కునే సూదిగ జేసి, దూదిపోగులతోను సాలెపట్టుతోను రెండాకులను చేర్చి కుట్టి, నడుమ మెత్తని గూడు అమర్చెను. మిత్రులకు చూపవలెనను ఉబలాటముచే నేను ఆ యాకును ప్రక్కకు వంచితిని. కుట్టు తెగెను. లోపల మూడు గ్రుడ్లు కనబడెను. మరునాడు పిట్ట రాలేదు; ఆ మరునాడును రాలేదు. చీమలు మాత్రము వచ్చినవి. మా చిన్నవాడు కొంతసేపు ఆ మొక్కవద్ద నిలుచుండి, "పురుగును తాకవద్దని చెప్పినది మీరే గదా నాయనా!" యనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

కావున, బాలబాలికలారా! తోటలోనికి పోవునపుడు చేతులు వెనుకకు కట్టుకొని పొండు. కన్నులకు హద్దు లేదు, చేతులకు ఉండవలెను. మామిడి మొదట పూచినది ఎన్నడు, కోకిల మొదట కూసినది ఎన్నడు అని ఏటేట ఒక పుస్తకములో తేదీతో వ్రాసికొనుడు. అది మీ రెవ్వరినుండియు ఎత్తి వ్రాయని పాఠము.

తలిదండ్రులకు ఒక మనవి. దీనివలన పరీక్షలో మార్కులు వచ్చునా యని అడుగకుడు. మామిడిపూతలో నూటికి ఒక్కటియైనను పండు కాదు. అయినను చెట్టు పూయుట మానదు. ఆ పూతపై ముసరు ఈగలను చూచి మనము రోసెదము. పిందె కట్టుటకు తోడ్పడువానిలో ఆ యీగలు ముఖ్యములు. బాల్యమున చూచినదానిలో ఏది పిందె యగునో ముందుగ ఎవరు చెప్పగలరు? పెరటిలో ఒక్క మూలనైనను ఊడ్వక, నరుకక, పిల్లలకై విడిచిపెట్టుడు.

ఈ యేడు మా తోటలో మరల నొక దర్జీపిట్ట కుట్టుపని ప్రారంభించినది. ఏ మొక్కలోనో మాత్రము ఎవ్వరికిని చెప్పను.