తూకానికి పోయిన ఇంజనులు

ఆ మధ్య తరగతిలో పాఠం చెబుతూ 'పొగబండి' అన్న మాట దగ్గర ఆగి, దీని అర్థమేమని విద్యార్థులను అడిగినాను. హఫీజ్‌పేట, చందానగరు, మియాపూరు ప్రాంతాలనుంచి వచ్చే పిల్లలు. కొంతసేపటికి ఒక కుర్రవాడు లేచి, కాలుష్యపరీక్షలో తప్పిన ఆటో అయి ఉంటుందన్నాడు. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వినాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే మాత్రం తప్పు ఆ కుర్రవానిది కాదనిపించినది. నిఘంటువు చూడమని అతనికి చెప్పగలను. ఆ వస్తువును చూడమని ఎక్కడికి పంపగలను?

చిత్రమేమంటే, ఆ పిల్లలు ప్రతిదినం ఎక్కి దిగే పట్టాలు సామాన్యమైన పట్టాలు కావు. నేటి హైటెక్ సిటీ స్టేషను ఉన్నది వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చే మార్గం మీద. నిజాం రాజ్యానికి రాజధానిదాకా రైలు వచ్చినది ఈ దారినే, 1874 అక్టోబరులో. అప్పటికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఎనిమిదేండ్ల బాలుడు. రాజ్యభారం దివాను సాలార్‌జంగు మీద ఉన్నది. బొంబాయి - మద్రాసు మార్గం మీది వాడి దగ్గర విడివడి, తాండూరు, వికారాబాదు, శంకరుపల్లి, లింగంపల్లి మీదుగా, కొండరాళ్ల నడుమనుంచి ఆ బండి వచ్చినది. అవే కొండరాళ్లను పగులగొట్టి చదును చేసిన నేల మీద 1998లో సైబర్ టవర్స్ లేచినది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు, 2019లో మెట్రో వచ్చినవి. దారి మిగిలినది, వేగం పెరిగినది, జనం పెరిగినారు. లింగంపల్లినుంచి బేగంపేటదాకా నేను దిగి చూచిన స్టేషనులలో, ఆ దారిని మొట్టమొదట నడిచిన ఇంజను ఎట్లా ఉండేదో చెప్పే బొమ్మ ఒక్కటైనా నా కంటబడలేదు.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పాలి. నిజాం రైల్వే వారే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినారు. నేటి ఆర్టీసీలకు అదే మూలం. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి నేటికీ హైదరాబాదులో భద్రంగా ఉన్నది, చూచినవారు ముచ్చటపడుతున్నారు. రైలు కన్న బిడ్డ బస్సు. బిడ్డ బొమ్మను గోడకు తగిలించుకొని తల్లి ముఖాన్ని మరచిపోయిన సంసారం మనది.

ఆవిరి ఇంజనుల మీద మమకారం గలవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వారిలో ఒక ఆచారం కలదు: నలుగురు కూడినప్పుడు, పోయిన జాతులలో ఏది ఒక్కటి మిగిలి ఉంటే బాగుండేదని తలపోసుకోవడం. ఇంజనులలో 'జాతి' అంటే ఒకే నమూనా మీద కట్టిన సంతతి. అమెరికాలో న్యూయార్క్ సెంట్రల్ రైల్వే 'హడ్సన్' జాతి ఇంజనులను 275 నడిపినది. వాటి చిత్రాలు పెట్టని ఇల్లు, బొమ్మలుగా ఆడుకోని పిల్లవాడు ఆ దేశంలో అరుదన్నంత ప్రసిద్ధి వాటిది. ఒక్కటీ మిగలలేదు. పెన్సిల్వేనియా రైల్వే వారి టి-1 జాతి 52, ఒక్కటీ లేదు. ఇంగ్లండులో స్విండన్ కర్మాగారంవారు 1906లో 'నార్త్ స్టార్' అనే తొలినాటి పెద్దగేజి ఇంజనును చోటు చాలలేదని ముక్కలు చేయించినారు. దాచి ఉంచినదానినే! తరువాత పందొమ్మిదేండ్లకు, 1925లో రైల్వేల శతజయంతి వచ్చినప్పుడు, ఊరేగింపులో పెట్టడానికి దాని నమూనాను మళ్లీ కట్టుకొన్నారు. నిజమైన విగ్రహాన్ని పగులగొట్టి పిండిబొమ్మకు హారతి పట్టినట్లయినది.

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి ఇనుముతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉన్నది. పాతవస్తువు దక్కడంలో ఉన్న అదృష్టం ఎంతటిదో మా శాస్త్రంవారికి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. నన్నెచోడుని కుమారసంభవం శతాబ్దాలు ఎవరి నోటా లేదు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో దానిని వెలువరించేసరికి మన సాహిత్యచరిత్రనే తిరిగి వ్రాసుకోవలసి వచ్చినది. అది ప్రాచీనమా, కాదా అని పండితులు తగవులాడుకొన్నారు. ఆ తగవుకైనా చేతిలో ఒక ప్రతి ఉండబట్టే కదా ఆస్కారం కలిగినది! బ్రౌను దొర వేమన పద్యాలకు ప్రతిమీద ప్రతి సంపాదించి పోల్చి చూచినాడు. పండితులు ఈసడించిన పద్యమని విడిచిపెట్టలేదు. తాళపత్రాన్ని అటక మీద పెట్టి మరచిపోతే చెదలకు పోగా ఎంతో కొంత మిగులుతుంది. ఇంజనును ఎవరూ అటక మీద పెట్టి మరచిపోరు. దాని ఇనుముకు ధర ఉన్నది. అదే దానికి శత్రువు.

ఇనుప ఇంజనుకు అటక దొరికిన ఉదంతం ఒకటి మాత్రం ఉన్నది. వేల్స్ దేశపు బ్యారీ అనే రేవుపట్టణంలో డై వుడ్హమ్ అనే తుక్కువ్యాపారి సుమారు మూడు వందల ఆవిరి ఇంజనులను కొన్నాడు. పాత వ్యాగనులను విరిచే పని తేలిక గనుక అతడు ముందు వాటిని విరుస్తూ, ఇంజనులను వెనుకకు నెట్టినాడు. ఆ ఆలస్యం ఏండ్లకేండ్లు సాగినది. ఈలోగా భక్తులు చందాలు పోగుచేసుకొని వచ్చి ఒక్కొక్కటే కొనుక్కొని పోయినారు. అట్లా బతికినవి 213. అంతటి సంపద మిగలడానికి కారణం ప్రభుత్వమూ కాదు, పండితపరిషత్తూ కాదు. ఒక వ్యాపారి తీరుబడి లేకపోవడం. మన దేశపు తుక్కువ్యాపారులు పాపం, అంతటి సోమరులు కారు.

మన దేశంలో అసలు ఏమీ దాచలేదని నేను అనను. 1855 నాటి 'ఫెయిరీ క్వీన్' ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 1929లో మాంచెస్టరునుంచి తెప్పించిన బ్రహ్మాండమైన 'గారట్' ఇంజను, ఒక బాయిలరు కింద రెండు ఇంజనులు కట్టినట్టిది, 1977లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియంలో ఉన్నది. దాని తోబుట్టువు ఖరగ్‌పూరులో ఉన్నది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ఫిలడెల్ఫియానుంచి దిగిన డబ్ల్యు.పి. జాతి, గుండు ముక్కు మీద నక్షత్రం ధరించినది, 755 దాకా పెరిగినది, కొన్ని మిగిలినవి. సరకుబండ్లు లాగిన డబ్ల్యు.జి. 2450; కొన్ని మిగిలినవి. చూడగా, మిగిలినవాటిలో రెండు తెగలే అధికం: ఒకటి మరీ విడ్డూరమైనవి, రెండవది మరీ విస్తారమైనవి. కురచవానిని, ఆజానుబాహుని చూపి, ఊరిలో తక్కినవారి సంగతి అడగవద్దన్నట్లు ఉన్నది.

ఆ తక్కినవారిలోనే నిజాం రైల్వే ఇంజనులు చేరినవి. స్వాతంత్ర్యం నాటికి దేశంలో నలభైకి పైగా రైల్వే వ్యవస్థలు ఉండేవి. ఒక్కొక్కదానిది ఒక్కొక్క రంగు, ఒక్కొక్క కూత, ఒక్కొక్క కర్మాగారపు చేతివాటం. నిజాం రైల్వే 1885లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయినది. 1930లో నిజాం ప్రభుత్వం తిరిగి తీసుకొన్నది. 1950లో భారత ప్రభుత్వానికి దఖలుపడినది. 1951లో సెంట్రల్ రైల్వేలో, 1966లో దక్షిణమధ్య రైల్వేలో కలిసినది. పేరు మారినప్పుడల్లా ఇంజను మీది అక్షరాలూ అంకెలూ మారినవి. ఎన్నో ఇళ్లు మారిన కాపురంలో పాతసామాను మిగలదని ఆడవారు చెప్పే మాట ఇక్కడా నిజమే.

మీటరుగేజి ఇంజనుల గతి మరీ దీనమైనది. హైదరాబాదు - గోదావరిలోయ రైల్వే అని 1900 ప్రాంతంలో సికింద్రాబాదును నిజామాబాదు మీదుగా మన్మాడుతో కలిపిన మార్గం ఉండేది. తరువాతి కాలంలో సికింద్రాబాదునుంచి నిజామాబాదు వైపూ, మహబూబునగరం వైపూ సన్నపట్టాలు తీసి వెడల్పుపట్టాలు వేసినారు. మంచిపనే; సికింద్రాబాదులో బండి మారే శ్రమ తప్పినది. కాని వెడల్పు ఇంజను పని పోయినా పట్టాలమీద నిలబడగలదు. గేజి మారితే సన్న ఇంజనుకు నిలబడే చోటే ఉండదు. లిపి మారిన దేశంలో పాతపుస్తకం వంటిది అది.

జాతి పోతే పోయేది రూపం ఒక్కటే కాదు. ఆవిరి ఇంజనుకు ధ్వని ఉన్నది. సిలిండరులో పనిచేసి అలసిన ఆవిరి పొగగొట్టం గుండా ఎగసిపోతూ, తనతో పాటు నిప్పుగూటిలోని గాలిని లాగుకొని పోతుంది. అందువల్లనే నిప్పు రాజుకుంటుంది. ఇంజను ఎంత బరువు లాగితే అంత గట్టిగా ఊపిరి విడుస్తుంది, అంత గట్టిగా మంట లేస్తుంది. తన శ్రమే తనకు ఆహారాన్ని వండిపెట్టే యంత్రం! రెండు సిలిండరుల ఇంజనుకు చక్రం ఒకసారి తిరిగేసరికి నాలుగు ఉచ్ఛ్వాసాలు. వాల్తేరు చేరే బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఒకే ఆవిరిచేత రెండుమార్లు పనిచేయించే కాంపౌండు ఇంజనులనూ నడిపినారు. వాటి తీరు వేరు. 1969లో సికింద్రాబాదు - విజయవాడల నడుమ గోలకొండ ఎక్స్‌ప్రెస్ ప్రవేశపెట్టినప్పుడు, ఆవిరితో నడిచే బండ్లలో దేశానికంతకూ అదే వేగవంతమైనదని పేరు పొందినది. ఆ ఎక్స్‌ప్రెస్ ఊపిరికీ, ఇల్లెందు బొగ్గు మోసుకొని డోర్నకల్లుకు దిగే సరకుబండి ఊపిరికీ భేదం చీకటిలో మంచం మీదనుంచే పోల్చేవారు కాజీపేటలో ఉండేవారు. ఛందస్సు చెప్పేవాడిని గనుక నాకు ఈ మాట ముఖ్యం: నడక పోయిన తరువాత గణాలు వ్రాసి చూపితే పద్యం కాదు.

గొప్ప ఇంజనులనే దాచాలనే పట్టుదల కూడా నాకు సమ్మతం కాదు. మన రైల్వేలలో 1920 తరువాతి కాలంలో ఎక్స్.బి. అనే జాతి వచ్చినది. వేగం హెచ్చితే పట్టాల మీద అటూ ఇటూ తల విసరడం దానికి దుర్గుణం. 1937 జూలై 17న పాట్నా దగ్గర బిహ్తాలో ఆ జాతి ఇంజను లాగుతున్న బండి పట్టాలు తప్పి నూరుమందికి పైగా మరణించినారు. ఆ దోషం విచారించడానికి ఇంగ్లండునుంచి స్టేనియర్ వంటి ఉద్దండులు గల సంఘం వచ్చినది. అక్కడ నేర్చిన పాఠం తరువాతి డబ్ల్యు.పి. పుట్టుకకు పనికివచ్చినది. అట్టి అపకీర్తి పొందిన జాతిని దండవేసి గుమ్మంలో నిలబెట్టుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? నేనైతే ముందు దానినే నిలబెట్టుమంటాను. అపపాఠం లేని ప్రతిని చూచి ఏ పరిష్కర్తా ఏమీ నేర్వలేదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది, అది చిన్నది కాదు. ఆ ఇంజనుల ముందు నిలబడి ఎండాకాలపు తెలంగాణలో పారతో బొగ్గు ఎత్తిపోసిన మనిషిని తలచుకోక, దూరాన కూర్చొని కూత బాగుండేదనడం అమానుషమని ఒక మిత్రుడు నన్ను మందలించినాడు. నిజమే. అంతేకాదు, రైలు ఈ రాజ్యానికి ఉచితంగానూ రాలేదు. 1883లో చాందా రైల్వే ఏర్పాటును ఎదిరించినందుకు సరోజినీదేవి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయుని హైదరాబాదునుంచి వెళ్లగొట్టినారు. కాని ఈ కథలన్నీ చెప్పడానికే ఇంజను కావాలంటున్నాను. ఆ నిప్పుగూడు ద్వారం ఎంత ఇరుకో, దాని ముందు మనిషి నిలబడే చోటు ఎంత పాటిదో కంటితో చూచినవానికి ఫైర్‌మన్ కష్టం గురించి ఉపన్యాసం అక్కరలేదు. మిత్రుడు ఈ మాటకు పూర్తిగా సమాధానపడలేదు.

పోయినదానిని తిరిగి కట్టుకోవచ్చునని మా అబ్బాయి వయస్సువారు, కంప్యూటరు మీద గీతలు గీసేవారు, ధైర్యం చెబుతారు. ఇంగ్లండులో కట్టినారు కూడా. పెపర్‌కార్న్ ఎ-1 అనే జాతి 49 ఇంజనులూ 1966 నాటికి తుక్కు అయినవి. 1990లో కొందరు ఔత్సాహికులు పూనుకొని, పద్దెనిమిదేండ్లు చందాలు వసూలుచేసి, 2008లో 'టోర్నడో' అనే యాభయ్యవ ఇంజనును నడిపించినారు. ఆ పట్టుదలకు నమస్కారం. కాని వారికి కర్మాగారపు చిత్తుపటాలు చాలవరకు దక్కినవి. పటాలూ తూకానికి పోయినచోట కొత్తఇంజను కట్టడమంటే కవి పేరు మాత్రమే తెలిసి కావ్యం పూరించడం.

ఇక అసలు సంగతి. ఆవిరి కథ ముగిసినది. 1995లో పెద్దగేజి మీద దాని సేవ చాలించినారు. దానికోసం ఎంత వగచినా ఫలం లేదు. కాని ఈనాడు అదే తప్పు మన కళ్లయెదుట మళ్లీ జరుగుతున్నది. ఆవిరిని తరిమిన డీజిలు ఇంజనులను ఇప్పుడు విద్యుత్తు తరుముతున్నది. వారణాసిలో 1964నుంచి తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 జాతి రెండు వేలు దాటినది; మన చిన్ననాటి ప్రయాణాలన్నీ దాని వెనుక సాగినవే. విస్తారంగా ఉన్నది గనుక ఎవరికీ లక్ష్యం లేదు. హడ్సన్‌లు 275 ఉన్ననాడు అమెరికావారికీ ఇట్లాగే లక్ష్యం లేకపోయినది.

కనుక డీజిలు ఇంజనులను సాకిన గుత్తి, మౌలాలి, కాజీపేట షెడ్లవారికి నా విన్నపం ఒక్కటే. వేలంపాటకు పట్టిక వ్రాసే ముందు, జాతికి ఒక్కటి చొప్పున, ఈ నేల మీద తిరిగినదానినే ఎన్నుకొని పక్కపట్టా మీదికి తోయండి. కొత్తరంగు వేయవద్దు. దానితోపాటు దాని పనిపుస్తకాలు, పటాలు ఒక పెట్టెలో పెట్టండి. దానిని నడిపి పదవీవిరమణ చేసిన డ్రైవర్లను ఒక దినం పిలిచి, ఏ మీటను ఏమని పిలిచేవారో, ఏ శబ్దం వింటే భయపడేవారో చెప్పించి వ్రాసుకోండి. ఆ మాటలు ఏ నిఘంటువులోనూ లేవు. హైటెక్ సిటీ స్టేషను పక్కన ఒక ఇంజనుకు సరిపోయే జాగా కావాలంటే ఎంత ఖరీదో నాకు తెలుసు. శంకరుపల్లి దగ్గరనైనా సరే. మా విద్యార్థులను ఆదివారంనాడు నేనే రైలెక్కించి తీసుకొనివస్తాను.